కొత్త కాపురంలో చిన్నాపెద్దా ప్రమాదాలు: ముందు ఆపండి, తర్వాత వాదించుకోండి

ఇద్దరూ కలిసి కొత్తగా కాపురం పెట్టిన ఇంట్లో మొదటి ఏడాదంతా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. సింకు నిండి పొంగుతుంది. ఉన్నట్టుండి కరెంటు పోతుంది, అదీ మన ఇంట్లో మాత్రమే. తెల్ల చొక్కా వాషింగ్ మెషిన్‌లోంచి గులాబీ రంగులో బయటికొస్తుంది. పొయ్యి మీది గిన్నెను రెండోవాళ్లు చూస్తున్నారులే అని ఇద్దరూ వదిలేస్తారు.

చాలావరకు ఇవి కాసేపట్లో సర్దుకునేవే. పని చెడగొట్టేది "నువ్వే కదా చూసుకుంటానన్నావు" అనే మాట. ఆ మాటకో జవాబు, ఆ జవాబుకు ఇంకో జవాబు. ఈలోగా వంటగదిలో మొదలైన నీళ్లు హాల్లోకి వచ్చేస్తాయి.

అందుకే ఏది జరిగినా వరస ఒక్కటే పెట్టుకోండి: ముందు ఆపాలి, తర్వాత బాగుచేయాలి, ఎవరి వల్ల జరిగిందో ఆఖరున తేల్చుకోవాలి.

ఏమీ జరగని రోజే చేయాల్సిన పని

ఒక సెలవు రోజు అరగంట తీసుకుని ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరగండి. ఒకరు చూసి రెండోవాళ్లకు తర్వాత చెబుదామంటే కుదరదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఇంట్లో లేనప్పుడే ప్రమాదం జరుగుతుంది.

మొదట ఇంటికి నీళ్లొచ్చే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వెతకండి. సింకు కింద, వాష్‌బేసిన్ కింద, ఫ్లష్ ట్యాంకు పక్కన చిన్న యాంగిల్ వాల్వులు ఉంటాయి. ఒక్కోదాన్నీ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వ్ బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్నదాని మీద స్పానర్ పెట్టి బలం చూపించొద్దు. విరిగిందంటే ఆ సెలవు రోజే మీ మొదటి ప్రమాదం అవుతుంది. ప్లంబర్ వచ్చినప్పుడు మార్పించుకుంటే సరిపోతుంది.

తర్వాత కరెంటు డబ్బా. కంప్యూటర్లు అవీ ముందే ఆపేసి, ఒకరు డబ్బా దగ్గర నిలబడి ఒక్కో ఎమ్‌సీబీని, అంటే లోడు ఎక్కువైనా షార్ట్ అయినా తనంతట తానే దిగిపోయే మీటను, దించాలి. రెండోవాళ్లు గదులన్నీ తిరుగుతూ ఏది ఆరిందో కేకేసి చెప్పాలి. చెప్పగానే కాగితం టేపు ముక్క మీద "వంటగది", "గీజర్", "పడగ్గది" అని రాసి దాని కిందే అంటించేయండి. తర్వాత రాద్దాంలే అనుకుంటే, ఏదో ఒక రాత్రి చీకట్లో ఒకేలా ఉన్న మీటల్ని చూస్తూ జుట్టు పీక్కోవాల్సిందే.

గ్యాస్ రెగ్యులేటర్ ఆపడం, ఊడదీయడం, బిగించడం ఇద్దరికీ కళ్లు మూసుకుని చేసేంతగా రావాలి. పైపు గ్యాస్ అయితే గోడ దగ్గరుండే వాల్వ్ ఎటు తిప్పితే మూసుకుంటుందో చూసుకోండి.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. మంచి టార్చి, రెండు రకాల స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, తిప్పి సైజు మార్చుకునే స్పానర్, కుళాయి మరలకు చుట్టే టెఫ్లాన్ టేపు, ప్లంజర్ (పూడిక తీయడానికి నొక్కే, పిడి ఉన్న రబ్బరు గిన్నె), పాత తువ్వాళ్లు. కొత్త కాపురం అనగానే డ్రిల్ మిషన్ కొనేయాలనే ఉత్సాహం చాలామందికి వస్తుంది. ఏడాదికి రెండు మేకులు కొట్టే ఇంటికి అరువు మిషన్ చాలు. అది ఎవరిదైనా సరే, స్విచ్ బోర్డుకు సరిగ్గా పైన, కింద, పక్కన ఉండే వరసలో మాత్రం గోడకు కన్నం వేయకండి. లోపల వైర్లు సాధారణంగా ఆ వరసల్లోనే వెళ్తాయి.

నీళ్లు

ఎక్కడ కారుతున్నా ముందు దగ్గర్లోని వాల్వ్ మూయండి. అది పనిచేయకపోతే మెయిన్ వాల్వ్. నీళ్లు ప్లగ్గుల వైపో ఎక్స్‌టెన్షన్ బోర్డు వైపో పారుతుంటే ఆ నీళ్లలో కాలు పెట్టకుండా వెళ్లి ఆ గది ఎమ్‌సీబీ దించండి. గుడ్డలు, బకెట్లు ఆ తర్వాతే. చాలామంది కంగారులో తుడవడం మొదలుపెడతారు, కారేది కారుతూనే ఉంటుంది.

టాయిలెట్ నిండి పైకి వస్తుంటే మళ్లీ ఫ్లష్ నొక్కొద్దు. ఇంకోసారి నొక్కితే పోతుందేమో అన్న ఆశే కొంప ముంచుతుంది. పక్కనున్న వాల్వ్ మూసి, నీళ్లు కొంచెం దిగేదాకా ఆగి, ప్లంజర్ వాడండి.

సింకు పూడుకుపోవడం మాత్రం ప్లంబర్ లేకుండా మీ ఇద్దరూ తేల్చగలిగిన పని. ముందు ప్లంజర్‌తోనే ప్రయత్నించండి. దాని రబ్బరు మునిగేన్ని నీళ్లు సింకులో ఉంచండి. పొంగిపోకుండా సింకు అంచు దగ్గర చిన్న రంధ్రం ఉంటే దాన్ని తడిగుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోమని రెండోవాళ్లకు చెప్పండి. జంట సింకైతే పక్కదాని రంధ్రం కూడా మూయాలి. లేకపోతే గాలి అటు నుంచి తప్పించుకుంటుంది, మీరెంత నొక్కినా ప్లంజర్‌కు పట్టు దొరకదు.

దానికీ లొంగకపోతే సింకు కింద కూర్చోండి. అక్కడ గొట్టం ఒకచోట వంపు తిరిగి ఉంటుంది, లేదంటే బుడ్డిలాంటి భాగం వేలాడుతుంటుంది. దాన్నే ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉంటాయి. డ్రైనేజీ కంపు, పురుగులు పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. జిడ్డు, వెంట్రుకలు, మెతుకులు పేరుకునేదీ అక్కడే. ఒకరు టార్చి పట్టుకోండి. రెండోవాళ్లు కింద బకెట్ పెట్టి, ట్రాప్ అడుగు భాగాన్ని చేత్తో పట్టుకుని మెల్లగా మర తిప్పండి. ప్లాస్టిక్‌ది అయితే స్పానర్ అవసరం సాధారణంగా రాదు. వదులవగానే బూడిద రంగు నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి, కంపు కొడుతుంది, మొహం పక్కకు తిప్పుకోండి. ఆ నీళ్లతో పాటు ఒక నల్ల రబ్బరు చుట్టు జారి బకెట్‌లో పడొచ్చు. అదే వాషర్. అది మురికితో కలిసి పారబోతకు పోయిందంటే ఇంతసేపు చేసిన పని బూడిదలో పోసిన పన్నీరే. ఇంకో సంగతి, బకెట్ పారబోయడానికి అలవాటు కొద్దీ అదే సింకు వైపు తిరగకండి. దాని కింద ఇప్పుడు గొట్టం లేదు.

ట్రాప్‌ను వేరే చోట పాత టూత్‌బ్రష్‌తో కడిగి, వాషర్ దాని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసి, చేత్తోనే బిగించండి. కుళాయి తిప్పి అతుకు చుట్టూ పొడి టిష్యూ కాగితం అద్దండి. కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం మీద తెలిసిపోతుంది.

బేకింగ్ సోడా, వెనిగర్ కలిపి పోస్తే పూడిక ఊడిపోతుందని చెబుతుంటారు. నురగ చూడ్డానికి బాగుంటుంది, అంతే. రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుని చివరికి మిగిలేది చాలావరకు నీళ్లు, కొంచెం లవణం. ఘాటైన డ్రెయిన్ క్లీనర్ పోసి ఉంటే మాత్రం ఆ ట్రాప్‌ను మీరు విప్పకండి, చేతులు, కళ్లు కాలుతాయి. ప్లంబర్‌ను పిలిచినా అది పోశామని ముందే చెప్పండి.

కరెంటు

మన ఇంట్లోనే పోయిందా, అందరికీ పోయిందా? కిటికీలోంచి చూడండి. మన ఒక్కరికే అయితే డబ్బా తెరిచి ఏ మీట దిగిందో చూడండి. ఒక గదిది దిగితే ఆ గదిలో లోడు ఎక్కువైందనో, ఏదో వస్తువులో షార్ట్ అయిందనో అర్థం. 2,000 వాట్ల హీటరు, 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒకే లైను మీద నడిపితే దిగడం దాని తప్పు కాదు. టెస్ట్ అని రాసిన బటన్ ఉన్న పెద్ద మీట, అంటే ఆర్‌సీసీబీ, దిగితే ఎక్కడో కరెంటు భూమిలోకి లీక్ అవుతోందన్నమాట. ఇళ్లలో వాడేవి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే ఆగిపోతాయి. మనిషి ప్రాణం కాపాడేది అదే కాబట్టి దాన్ని తిట్టుకోకండి.

1. ఆ లైను మీదున్న వస్తువులన్నిటి ప్లగ్గులూ తీసేయండి. స్విచ్ ఆపితే సరిపోదు.
2. చేతులు పొడిగా ఉన్నాయో లేదో చూసుకుని, దిగిన మీటను పూర్తిగా కిందికి నొక్కి, అప్పుడు పైకి లేపండి. చాలా మీటలు సగంలో ఆగి ఉంటాయి, అక్కడి నుంచి లేపితే నిలబడవు.
3. నిలబడితే ఒక్కో వస్తువే ప్లగ్గు పెడుతూ రండి. దేనికి మళ్లీ దిగితే దొంగ అదే. దాన్ని పక్కన పెట్టండి.
4. ఏమీ పెట్టకుండానే దిగితే, లేదా కాలిన వాసన వస్తే, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా అలాగే వదిలేయండి.

మాటిమాటికీ దిగుతోందని దాని చోట పెద్ద ఎమ్‌సీబీ వేయించుకునే మహానుభావులున్నారు. అప్పుడు మీట దిగదు, గోడలో వైరు కాలుతుంది.

కరెంటు ఎక్కువసేపు రాదని తెలిస్తే ఫ్రిజ్ తలుపు తెరవకండి. మూసి ఉంచితే లోపలి చల్లదనం సుమారు 4 గంటలు ఆగుతుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే 48 గంటల దాకా. ఏం మిగిలిందో చూద్దామని పది నిమిషాలకోసారి తెరిచే మనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు, ఆ చేయి పట్టుకుని ఆపడం రెండోవాళ్ల పని.

పొయ్యి

అసలైన ప్రమాదాలు ఇక్కడే. కాబట్టి ఈ భాగం ఇద్దరూ కలిసి చదవండి.

మూకుడులో నూనెకు మంట అంటుకుంటే నీళ్లు పోయకూడదు. నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మండుతున్న నూనె 300 డిగ్రీలు దాటి ఉంటుంది. నూనె కన్నా బరువైన నీళ్లు అడుక్కి దిగి, ఒక్క క్షణంలో ఆవిరై, దాదాపు 1,700 రెట్లు విస్తరిస్తాయి. ఆ ఆవిరి మండే నూనెను పైకప్పు దాకా ఎగజిమ్ముతుంది. చేయాల్సింది ఇదీ: పొయ్యి ఆపండి. మూకుడు కన్నా పెద్ద మూతను మీ వైపు నుంచి అవతలి వైపుకు జరుపుతూ కప్పండి, పై నుంచి పడేయొద్దు. పొయ్యి మీట దగ్గరికి చేయి పోకపోతే ముందు మూతే. మూకుడును ఎత్తి బయటికి తీసుకెళ్లాలని మాత్రం చూడకండి. ఆరిందా లేదా అని మూత తీసి కూడా చూడకండి, వేడి నూనెకు గాలి తగిలితే మళ్లీ అంటుకుంటుంది. మంట మూకుడు దాటి అలమరకు పాకితే ఇక మీ పని కాదు. ఇద్దరూ బయటికి రండి, తలుపు మూసేయండి, ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేయండి.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదంటారు గానీ, కుళాయి పట్టుకుంటే లాభం ఉంది. కాలిన చోటును పారే చల్లటి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. గడియారం చూసి ఉంచండి, ఎందుకంటే రెండు నిమిషాలకే చాల్లే అనిపిస్తుంది. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయాలి. ఐసు, టూత్‌పేస్టు, వెన్న, నూనె ఏవీ వద్దు. బొబ్బలు చిదమొద్దు. అరచేయి కన్నా పెద్ద గాయమైనా, ముఖం మీద, చేతుల మీద, కీళ్ల దగ్గర కాలినా, చర్మం తెల్లగానో నల్లగానో మారి నొప్పే తెలియకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. వేయడం ఎంత ప్రమాదమో ఆపడం కూడా అంతే, రెండిట్లోనూ నిప్పురవ్వ పుడుతుంది. వాసన పోవాలని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. రెగ్యులేటర్ ఆపి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, బయటికి వెళ్లి అక్కడి నుంచి ఫోన్ చేయండి. సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు, నేలను అంటుకుని ఉంటుంది. పై కిటికీ ఒక్కటే తెరిస్తే పోదు, తలుపు కూడా తెరవాలి.

గ్యాస్ గీజర్ ఉంటే ఇంకో జాగ్రత్త. గాలి ఆడని బాత్‌రూమ్‌లో అది కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. స్నానానికి వెళ్లిన మనిషికి తల తిరుగుతోందంటే గీజర్ ఆపి, వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి.

కుక్కర్ కూత రాకుండా బుస కొడుతూ ఉంటే పొయ్యి ఆపి వదిలేయండి. లోపల వేడి 120 డిగ్రీల దాకా ఉంటుంది. మూత రావట్లేదంటే లోపల ఒత్తిడి తగ్గలేదన్నమాట, దాన్ని బలవంతంగా ఊడదీసే పోటీ పెట్టుకోవద్దు. చల్లారాక మూతను వెలుతురు వైపు పట్టుకుని కూత గొట్టంలోంచి చూడండి. అవతలి వైపు కనిపించకపోతే పూడుకుందని అర్థం.

మాడిన గిన్నె సంగతికొస్తే, స్టీలుదైతే నీళ్లలో రెండు చెంచాల బేకింగ్ సోడా వేసి పది నిమిషాలు మరిగించి, చల్లారాక గరిటెతో గీస్తే పెచ్చులుగా ఊడుతుంది. అల్యూమినియానికి సోడా వద్దు, నల్లబడుతుంది. దానికి నిమ్మరసమో వెనిగరో కలిపిన నీళ్లు. నాన్‌స్టిక్ పెనాన్ని వేడి నీళ్లలో నానబెట్టడం తప్ప పీచుతో రుద్దకండి.

బట్టలు

రంగు అంటుకున్న బట్టను ఆరేయకండి. ఇస్త్రీ అసలు చేయకండి. ఆరిన రంగు, వేడి తగిలిన రంగు నిలబడిపోతుంది. తడిగా ఉండగానే రంగు దిగిన బట్టను తీసేసి, మిగతావాటిని మళ్లీ ఉతకండి. ఇంకా ఉంటే ఆక్సిజన్ బ్లీచ్ (క్లోరిన్ లేని బ్లీచ్) కలిపిన నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టండి. పట్టు, ఉన్ని బట్టలకు అది పనికిరాదు. కుంచించుకుపోయిన ఉన్ని స్వెట్టర్ మాత్రం దాదాపుగా తిరిగి రాదు. దాని ఓనరుకు ఆ మాట నెమ్మదిగా, భోజనమయ్యాక చెప్పండి.

అతి శుభ్రం

చుట్టాలొస్తున్నారంటే బాత్‌రూమ్‌లో ఉన్న సీసాలన్నీ కలిపి పోసేవాళ్లున్నారు. బ్లీచ్‌ను యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియాతో కలిపినా విషవాయువులే. ఒకరు పొద్దున ఒకటి పోసి, రెండోవాళ్లు సాయంత్రం తెలియక ఇంకోటి పోయడం కూడా కలపడమే. ఏది పోసినా నీళ్లతో కడిగేసి, రెండోవాళ్లకు ఒక మాట చెప్పండి. దగ్గు, కళ్లమంట మొదలైతే సీసాల సంగతి వదిలేసి బయటికి రండి.

చిల్లర ప్రమాదాలు

ఫోన్ నీళ్లలో పడితే వెంటనే ఆఫ్ చేయండి, ఛార్జింగ్ పెట్టకండి, ఆరేదాకా గాలి తగిలేలా ఉంచండి. బియ్యంలో పెట్టడం వల్ల లాభం లేదు. బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ కంపెనీయే తన ఫోన్ల గురించి చెప్పింది.

గాజు పగిలితే చెప్పులు వేసుకునేదాకా ఇద్దరూ కదలొద్దు. పెద్ద ముక్కలు తీశాక లైటు ఆపి, టార్చిని నేలకు ఆనించి వెలుగు అడ్డంగా పడేలా తిప్పండి, నలుసులన్నీ మెరుస్తాయి. తడి కాగితంతో అద్ది తీసి, దళసరి కాగితంలో చుట్టి పారేయండి.

తాళంచెవి లోపలుండగా తలుపు పడితే ఫోన్లో చూసిన కిటుకులతో తలుపు పాడుచేయకండి. మూడో తాళంచెవి ఒకటి చేయించి, దగ్గర్లో ఉండే నమ్మకస్తుల దగ్గర ఉంచితే ఆ అవసరమే రాదు.

ఇప్పుడు వాదించుకోండి

నేల ఆరాక, కడుపులో ఏదైనా పడ్డాక కూర్చోండి. "ఎవరు చేశారు" అని మొదలుపెడితే చాలా ప్రమాదాలకు జవాబు తిలా పాపం తలా పిడికెడే. "ఎలా జరిగింది" అని మొదలుపెడితే ఏదైనా మారుతుంది. పొయ్యి మీద గిన్నె మాడిందంటే, వంటగది దాటేటప్పుడు "నేను వెళ్తున్నా, నువ్వు చూడు" అని నోటితో చెప్పి, రెండోవాళ్లు "సరే" అన్నాకే కదలాలని ఒప్పందం చేసుకోవచ్చు. తల ఊపడం లెక్కలోకి రాదు.

పనులు పంచుకునేటప్పుడు ఎవరికి ఏది చిరాకో అది రెండోవాళ్లకు ఇచ్చుకోండి. ఇచ్చాక పద్ధతి కూడా వాళ్లకే వదిలేయాలి. బట్టలు ఒకరు ఉతుకుతూ ఉంటే పక్కన నిలబడి డైరెక్షన్ ఇవ్వడం పంపకం కాదు. ఎంత ఖర్చు దాటితే ఇద్దరూ అనుకుని మెకానిక్‌ను పిలవాలో ముందే ఒక అంకె అనుకోండి. ఏ ప్రమాదాన్ని ఇరువైపుల పెద్దవాళ్లకు చెప్పాలో, ఏది మీ మధ్యే ఉంచుకోవాలో కూడా కలిసే నిర్ణయించుకోండి. సింకు పొంగిన సంగతి ఒకరు ఫోన్లో నవ్వుతూ చెబుతుంటే, పక్క గదిలో రెండోవాళ్లకు అది ఫిర్యాదులా వినిపిస్తుంది.

ప్లంబర్, ఎలక్ట్రీషియన్, గ్యాస్ వాళ్లు, ఫైర్ స్టేషన్, దగ్గర్లోని ఆసుపత్రి, ఈ నంబర్లన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వంటగది తలుపు లోపలి వైపు అంటించండి. ఫోన్లో ఎలాగూ ఉన్నాయి కదా అంటారు. నీళ్లలో పడింది ఆ ఫోనే కావచ్చు.